సాక్షి బోనులో జడ్జిగారు

పన్నెండేళ్ళపాటు ఆయన మొహానికి నేను రంగు వేశాను. ఎడమ కనుబొమ చివర చిన్న గాటు, మీసం జిగురు పడక ఎర్రబడే పై పెదవి, మెడ మీద రెండు ముడతల మధ్య పౌడరు నిలవని గీత, అన్నీ నా వేళ్ళకు తెలుసు. ఆయన పోయాక చాలామంది నా దగ్గరికి వచ్చి సరదా సంగతులు చెప్పమన్నారు. చెప్పాను. చెప్పనిది ఇంకొకటి ఉంది.

అసలు పేరు ఏదైనా, ఆయన ఊరందరికీ జడ్జిగారు. సినిమాల్లోకి రాకముందు ఒక డాక్టరు దగ్గర కాంపౌండరు. పగలంతా సీసాల్లో మందు కలపడం, సాయంత్రం నాటకాల రిహార్సల్సుకు పరిగెత్తడం. ముప్పై నాలుగేళ్ళ వయసులో, ఇంట్లో భార్యనూ చంటిబిడ్డనూ పెట్టుకుని, ఆ ఉద్యోగం మానేసి స్టూడియో గేటు ముందున్న బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టారు. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు, రెండేళ్ళు. ఆ బెంచీలో ఒక మేకు పైకి లేచి ఉండేదట. "నా ప్యాంట్లన్నిటికీ ఒకేచోట చిరుగు. మీ అక్కయ్య కుట్టీ కుట్టీ, చివరికి కొత్త ప్యాంటు తెచ్చినా ముందే అక్కడ అతుకేసేది" అని భార్య గురించి చెప్పి నవ్వేవారు. నవ్వేవారు కానీ, ఆ బెంచీ పక్కనుంచి నడవాల్సి వస్తే మాత్రం రోడ్డుకు అవతలి వైపు నుంచి వెళ్ళేవారు.

ఒక కోర్టు సీను తీస్తున్నప్పుడు జడ్జి వేషం వెయ్యాల్సిన ఆయనకు జ్వరం వచ్చింది. అసిస్టెంటు డైరెక్టరు గేటు దగ్గరికి పరిగెత్తి, బెంచీ మీద నిటారుగా కూర్చున్న ఈయన్ని చూసి, "ఏమయ్యా, చదవడం వచ్చా?" అని అడిగి లాక్కొచ్చాడు. నాకప్పుడు పాతికేళ్ళు కూడా లేవు. తెల్ల జుట్టు విగ్గు నేనే పెట్టాను. కుర్చీలో కళ్ళు మూసుకుని ఆయన నన్నొక ప్రశ్న అడిగారు.

"ఏమోయ్, ఈ జడ్జి ఒక మనిషికి ఉరిశిక్ష వేస్తున్నాడు కదా. సాయంత్రం ఇంటికెళ్ళి భోజనం చేస్తాడా, చెయ్యడా?"

"స్క్రిప్టులో లేదండీ" అన్నాను.

"లేకపోతే మనమే తేల్చుకోవాలి."

ఏం తేల్చుకున్నారో నాకు తెలియదు. మూడే మాటలు చెప్పాలి. గొంతు పెంచలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ఒక్క క్షణం ఆ కళ్ళజోడు వంకే చూసి, శిక్ష చదివారు. డైరెక్టరు "కట్" చెప్పడం మర్చిపోయాడు.

ఆ తర్వాత ఇరవై మూడు సినిమాల్లో జడ్జి. మిగిలినవాటిలో డాక్టరు, ప్రిన్సిపాలు, లేదా ఇంటర్వెల్‌లోపే గుండె పట్టుకుని పోయే హీరోయిన్ తండ్రి. కూరగాయల బండి దగ్గర నిలబడినా జనం పక్కకు జరిగి దారిచ్చేవారు. వీధిలో ఇద్దరు గోడ హద్దు కోసం కొట్టుకుంటే తిన్నగా ఆయన ఇంటికొచ్చి కూర్చునేవారు. "నేను వేషం వేసేవాణ్ణయ్యా, నాకేం తెలుసు" అని మొత్తుకున్నా వినేవారు కాదు. లోపల్నుంచి అక్కయ్యగారు, అంటే ఆయన భార్య, కేక వేసేది. "కోర్టు అయిపోయిందా? ముద్దాయి లోపలికొచ్చి గిన్నెలు కడగాలి!" వాళ్ళు నవ్వుకుంటూ లేచి పోయేవారు. తగువు కూడా సగం తీరిపోయేది.

ఇంత పేరొచ్చినా ఆయనలో ఒక భయం ఉండేది. అది బెంచీ భయం. జ్వరంతో వచ్చారు, కాలు బెణికి వచ్చారు, తమ్ముడు పోయిన మూడో రోజే వచ్చారు. ఆయనవల్ల ఒక్క షాటు ఆగలేదని గొప్పగా చెప్పుకునేవారు. ఎవరైనా మాటవరసకు "వచ్చే సినిమాలో కోర్టు సీను లేదటండీ" అంటే చాలు, ఆయన కుర్చీలో నిటారుగా కూర్చునేవారు. మెడకు రంగు వేస్తుంటే గుటక మింగడం నా వేళ్ళకు తగిలేది.

అదే స్టూడియోలో ఒక లైట్‌మ్యాన్ ఉండేవాడు. సెట్టు పైన ఇరవై అడుగుల ఎత్తున, తాళ్ళకు కట్టిన చెక్క పలకల మీద నడుస్తూ పెద్ద పెద్ద లైట్లు తిప్పేవాడు. వాణ్ణి అందరం పైవాడు అనేవాళ్ళం. "పైవాడి దయ లేకపోతే మీ మొహాలు చీకటే" అని వాడూ పైనుంచి జవాబు చెప్పేవాడు. జడ్జిగారంటే వాడికి ప్రాణం. షాటు బాగా వస్తే పైనుంచి వేలితో లైటు రేకు మీద రెండుసార్లు టకటకమని కొట్టేవాడు. ఆ చప్పుడు వినపడితే తప్ప జడ్జిగారు కుర్చీలోంచి లేచేవారు కాదు.

ఒక ఏడు వానలు విపరీతంగా పడ్డాయి. మూడో నంబరు ఫ్లోరు కప్పు కారింది. ఒకరోజు పొద్దున్న నేను జడ్జిగారికి మీసం అంటిస్తున్నాను. ప్రొడక్షన్ మేనేజరు గుమ్మంలో నిలబడి టీ తాగుతున్నాడు. పైవాడు తడి చేతులు చొక్కాకు తుడుచుకుంటూ వచ్చాడు.

"సార్, పైన మూడో పలక నానిపోయింది. కాలు వేస్తే దిగుతోంది. మార్పించండి."

"రేపు సాయంత్రానికి ఈ సెట్టు పీకేస్తున్నాం కదయ్యా. ఒక్క రోజుకి కొత్త పలక ఏంటి?"

"దాని మీద నిలబడాల్సింది నేను సార్."

"పక్కన కాలు వెయ్యి. పదేళ్ళుగా ఎక్కుతున్నావు, నేను నేర్పాలా?"

పైవాడు అద్దంలో జడ్జిగారి వంక చూశాడు. మీసం జిగురు ఆరేదాకా పెదవి కదపకూడదు. జడ్జిగారు కదపలేదు. నేనూ మాట్లాడలేదు. జిగురు ఆరేసరికి వాడు వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం తీర్పు సీను. కెమెరా తిరుగుతోంది. "సాక్ష్యాధారాలన్నీ పరిశీలించిన మీదట..." అని జడ్జిగారు మొదలుపెట్టారు. పైన కట్టె విరిగిన చప్పుడయింది. లైటూ మనిషీ కలిసి సాక్షి బోనుకు రెండు గజాల దూరంలో పడ్డారు. ఆ చప్పుడులోనే నాకు జడ్జిగారి గొంతు వినపడింది. "...ఈ కోర్టు ఒక నిర్ణయానికి వచ్చింది." ఆ తర్వాతే ఆయన ఆగారు. పరిగెత్తుకెళ్ళి నేల మీద కూర్చుని, పాత కాంపౌండరు చేత్తో వాడి మెడ దగ్గర నాడి చూశారు. చాలాసేపు వేళ్ళు తియ్యలేదు. వేషం గౌను అంతా రక్తం.

సాయంత్రానికల్లా సెట్టు పీకేశారు. పలకలు ఎటు పోయాయో ఎవరికీ తెలియదు.

మూడో రోజు మేనేజరు మేకప్ గదిలోకి టైపు చేసిన కాగితాలు తెచ్చాడు. లైట్‌మ్యాన్ ఆరోజు తాగి ఉన్నాడనీ, ఎవరూ చెప్పకుండా తనంతట తానే పైకెక్కాడనీ, పలకల గురించి అంతకుముందు ఎవరికీ ఏమీ చెప్పలేదనీ అందులో ఉంది. అక్కడ పనిచేసినవాళ్ళందరూ సంతకం పెట్టాలట.

జడ్జిగారు రెండుసార్లు చదివారు. "తాగి ఉన్నాడా?"

"ఉన్నాడో లేడో పైవాడికే తెలియాలి" అని మేనేజరు నవ్వబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి గొంతు సవరించుకున్నాడు. "చూడండి జడ్జిగారూ, పోయినవాడు ఎలాగూ పోయాడు. కంపెనీ మూతబడితే నూటయాభై మంది రోడ్డున పడతారు. వచ్చే నెల మొదలుపెట్టే సినిమాలో మీది మంచి వేషం. పెద్దగా రాయించాం."

జడ్జిగారు కలం తీసుకున్నారు. సంతకం పెట్టారు. తర్వాత కలం నా చేతికొచ్చింది. నేనూ పెట్టాను. ఆ రోజు ఇద్దరం ఒకరి మొహం ఒకరు అద్దంలో కూడా చూసుకోలేదు.

నెల తిరగకముందే ఒక పొద్దున్న పైవాడి భార్య జడ్జిగారింటికి వచ్చింది. ఆవిడ ఇస్త్రీ పని చేస్తుంది, సినిమా కంపెనీల బట్టలూ చేస్తుంది. నేను కొత్త విగ్గు కొలత కోసం వెళ్ళి అక్కడే ఉన్నాను. కూర్చోమంటే కూర్చోలేదు.

"అయ్యా, నేను చెయ్యి చాపడానికి రాలేదు. మా ఆయన తాగి పడ్డాడని రాశారట. ఆయనకి ఆ వాసనే పడదు. ఇరుగుపొరుగు అంటున్నారు, తాగుబోతు పెళ్ళాం అని. నా కూతురు బడికి పోనంటోంది. ఆ కాగితం మీద మీ సంతకం ఉందట కదా. ఆ ఒక్క మాట కొట్టేయించండి. ఇంకేమీ వద్దు."

జడ్జిగారు ఎన్ని సినిమాల్లో ఎన్ని మాటలు చెప్పలేదు! ఆవిడకు ఒక్క మాట చెప్పలేకపోయారు. ఆవిడ గుమ్మం దగ్గర తిరగబడిన చెప్పు సరిచేసుకుని వెళ్ళిపోయింది.

అక్కయ్యగారు వంటగదిలోంచి బయటికొచ్చింది. "తాగాడా అతను?"

"లేదు."

"మరి సంతకం?"

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికెళ్ళింది. ఆ రోజు నుంచి వీధిలోవాళ్ళు తగువు పట్టుకొస్తే లోపల్నుంచి ఆ కేక వినపడలేదు.

మేనేజరు చెప్పిన పెద్ద వేషం నిజంగానే ఇచ్చారు. మొదటిరోజు పేజీన్నర తీర్పు. రాత్రే కంఠతా పట్టుకొచ్చారు. "సాక్ష్యాధారాలన్నీ" అన్నారు, ఆగిపోయారు. మళ్ళీ తీశారు. మళ్ళీ అక్కడే. పదిహేడుసార్లు తీశారు. ప్రతిసారీ ఆ మాట చివర తల కొద్దిగా పైకెత్తేవారు, ఏదో చప్పుడు కోసం ఆగినట్టు. లైట్ల దగ్గరున్న కుర్రాళ్ళు మొదట నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు. డైరెక్టరు షూటింగు ఆపేశాడు. ఆయనవల్ల ఆగిన మొదటి షాటు అది.

మీసం ఊడదీస్తుంటే నా మణికట్టు పట్టుకున్నారు.

"ఏమోయ్, వాడు పడ్డాక కూడా నేను ఇంకో మాట చెప్పాను. నువ్వు విన్నావా?"

"కంగారులో గమనించలేదండీ" అన్నాను. అది కూడా అబద్ధమే.

"నేను విన్నాను. చప్పుడు విన్నాను, వాడేనని తెలుసు. తెలిసి కూడా వాక్యం పూర్తిచేశాను. షాటు పాడవుతుందని." మణికట్టు వదిలేశారు. "ఆవిడ కంపెనీ మీద కేసు వేసిందట. రేపు ఆవిడ వకీలు దగ్గరికి వెళ్తున్నాను. నువ్వూ వస్తావా?"

నాకప్పుడే పెళ్ళయింది. అద్దె ఇల్లు మారాం. చేతిలో ఉన్న పనంతా ఆ కంపెనీదే. ఈ కారణాలన్నీ ఆయనకు చెప్పాను. ఆయన మధ్యలో అడ్డు రాకుండా అన్నీ విన్నారు. "సరేలే" అన్నారు.

వాయిదా రోజు నేను కోర్టుకు వెళ్ళాను. లోపలికి వెళ్ళలేదు. వరండాలో కిటికీ పక్కన, జనం మధ్య నిలబడ్డాను. మేము వేసే సెట్లతో పోలిస్తే అది కోర్టులాగే లేదు. ఇరుకు గది, గోడ పొడవునా తాడుతో కట్టిన కాగితాల కట్టలు, ఒక కాలు పొట్టిదైన బల్ల. నిజం జడ్జి చిన్న మనిషి, జలుబుతో ఉన్నాడు, చేతిరుమాలు ముక్కు దగ్గరే ఉంది. జడ్జిగారు బోనెక్కగానే వెనక బెంచీల్లో గుసగుసలు లేచాయి. ఎవరో "అరె, మన జడ్జిగారు!" అన్నారు. నిజం జడ్జి ఎవర్నంటున్నారోనని తలెత్తి చూశాడు.

మేనేజరు దగ్గర పైవాడు పలక సంగతి చెప్పడం తను విన్నానని జడ్జిగారు చెప్పడం మొదలుపెట్టారు. రెండు వాక్యాలు కాకముందే జడ్జి బల్ల పైనుంచి మాట వచ్చింది.

"గట్టిగా చెప్పండి. వినపడటం లేదు."

మైకు లేకుండా నాటకాల్లో చివరి వరస దాకా వినిపించిన గొంతు అది. ఆయన మళ్ళీ చెప్పారు. నిజం జడ్జి మళ్ళీ "గట్టిగా" అన్నాడు. మూడోసారికి గొంతు పెగిలింది.

కంపెనీ వకీలు లేచాడు. "అయ్యా, తమరు వేషాలు వేస్తారు. ఏడవమంటే ఏడుస్తారు, చావమంటే చస్తారు. ఈ డైలాగు రాసిచ్చింది ఎవరు?"

గదంతా ఘొల్లున నవ్వింది.

"ఎవరూ రాయలేదు. అందుకే తడబడుతున్నాను."

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"అయితే అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

"అప్పుడు చెప్పింది. నా చెయ్యి పట్టుకుని ఎవరూ పెట్టించలేదు. వేషాలు పోతాయని భయపడి నేనే పెట్టాను. ఆ మనిషి తాగలేదు. నేను నాడి చూసినప్పుడు వాడి మొహానికి జానెడు దూరంలో ఉన్నాను. ఏ వాసనా లేదు."

వకీలు గొంతు తగ్గించి అడిగాడు. "పలక గురించి చెప్పినప్పుడు ఆ గదిలో ఇంకెవరు ఉన్నారు?"

జడ్జిగారు కిటికీ వైపు చూశారు. నన్ను చూశారు. అందులో అనుమానం లేదు. ఆ చూపు నా మొహం మీద ఎంతసేపు నిలిచిందో చెప్పలేను. లోపలికి నడవడానికి అయిదు అడుగులు చాలు. నేను కదల్లేదు.

"నేనున్నాను. నా సంగతి నేను చెబుతున్నాను" అన్నారాయన.

ఇంకెవరున్నారని వకీలు మళ్ళీ అడిగాడు. ఆయన అదే జవాబు చెప్పారు. అడిగినదానికి సూటిగా చెప్పాలని కోర్టు మందలించింది. ఆయన తల వంచుకున్నారు తప్ప పేరు చెప్పలేదు. ఆ మందలింపు మర్నాడు ఒక పత్రికలో "జడ్జికి జడ్జి చీవాట్లు" అని వచ్చింది. ఊరంతా నవ్వుకుంది.

తీర్పుకు ఏడాది పైనే పట్టింది. పలక నానిపోవడంవల్లే మనిషి పడ్డాడనీ, తాగి ఉన్నాడనడానికి ఆధారం లేదనీ రాశారు. ముందు తప్పుడు కాగితం ఇచ్చినందుకు జడ్జిగారి గురించి కూడా రెండు కటువైన వాక్యాలు ఉన్నాయి. కంపెనీ పైకోర్టుకు వెళ్ళింది, అది ఏళ్ళతరబడి సాగింది. కానీ పైవాడి భార్య ఆ తీర్పులో ఒక్క పేజీ నకలు తీయించి, కూతురు చదివే బడికి తీసుకెళ్ళి హెడ్మాస్టరు చేత చదివించిందట. తర్వాత అక్కయ్యగారి దగ్గరికి వచ్చి ఆ సంగతి చెప్పి, ఈసారి కూర్చుని టీ తాగి వెళ్ళింది.

జడ్జిగారిని ఎవరూ వెళ్ళగొట్టలేదు. పిలవడం మానేశారు, అంతే. ఎవరిని అడిగినా "మీ స్థాయికి తగ్గ వేషం లేదండీ" అని మర్యాదగానే చెప్పేవారు. నా పనికి ఏ లోటూ రాలేదు. ఆయన వేసే వేషాలు ఇంకొకాయన వెయ్యసాగాడు. అదే తెల్ల విగ్గును రెండు కుట్లు వేసి బిగించి ఆ కొత్తాయనకు పెట్టాను.

ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చుని, నలభై తొమ్మిదేళ్ళ వయసులో ఆయన మళ్ళీ కాంపౌండరుగా చేరారు, వేరే వీధిలో ఒక చిన్న ఆస్పత్రిలో. సగం మంది ఆయన్ని చూడ్డానికే వచ్చేవారు. "జడ్జిగారూ, ఈ దగ్గు మందుకి ఎన్నాళ్ళు శిక్ష?" అని అడిగేవారు. "రోజుకి మూడుసార్లు, వారం రోజులు. అప్పీలు లేదు" అనేవారు. అందరూ నవ్వేవారు. సీసా మూత బిగించేటప్పుడు ఆయన మొహంలో మాత్రం నవ్వు ఉండేది కాదు.

ఒకసారి నా కూతురికి జ్వరమని మందు కోసం వెళ్ళాను. ఊళ్ళో ఇంకా ఆస్పత్రులున్నాయి. అక్కడికే ఎందుకెళ్ళానో నాకే తెలుసు. జనం పలచబడేదాకా ఆగి, కిటికీ దగ్గరికి వంగి అడిగాను.

"నా పేరు ఎందుకు చెప్పలేదండీ?"

ఆయన మందు పోస్తున్నారు. గీత దగ్గరికి వచ్చేదాకా చూపు తిప్పలేదు.

"నీది నువ్వే చెప్పుకుంటావనుకున్నాను" అన్నారు. సీసా నా చేతికిచ్చి, "బాగా కుదిపి తాగించు. చలిగాలి తగలనివ్వకు" అని, నా వెనక నిలబడ్డ ముసలాయన్ని పిలిచారు.

ఆ మాటలో కోపం ఉండి ఉంటే కొంత తేలిక పడేవాణ్ణేమో. లేదు.

నాలుగేళ్ళ తర్వాత ఒక కొత్త డైరెక్టరు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాడు. ఒక ఇంటి కాపలాదారు వేషం, ఒక్క మాట కూడా లేదు. ఒప్పుకున్నారు. మేకప్ వద్దన్నారట. ఆ సినిమా ఎక్కువ రోజులు ఆడలేదు కానీ, గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న ఆ మనిషిని చూసినవాళ్ళు మర్చిపోలేదు. తర్వాత ఏడాదికి ఒకటో రెండో చిన్న వేషాలు వచ్చాయి. వచ్చినా ఆస్పత్రి పని మానలేదు. జడ్జి వేషం మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు, ఆయనా అడగలేదు.

అరవై ఆరో ఏట ఒక మధ్యాహ్నం, భోజనం చేసి పడుకున్నవారు లేవలేదు. నేను వెళ్ళేసరికి పైవాడి భార్య అప్పటికే వచ్చి అక్కయ్యగారి పక్కన కూర్చుని ఉంది. ఆవిడ నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చింది. నేను కూర్చోలేదు.

మర్నాడు పత్రికలో నాలుగు వరసలు వేశారు. పేరు ఆయనదే. ఫొటో మాత్రం ఆయన తర్వాత జడ్జి వేషాలు వేసిన ఇంకొకాయనది. అక్కయ్యగారు పత్రిక నా ముందు పెట్టింది.

"చూశావా తమ్ముడూ, పోయాక కూడా వేషం ఇంకొకరికే ఇచ్చారు" అంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

నా పెట్టెలో ఆయన ఫొటో ఒకటి ఉంది, రంగు వెయ్యకముందు తీసింది. అది పట్టుకుని పత్రికాఫీసుకు వెళ్ళాను. ఎవరో పోయినాయన ఫొటో కోసం ఇంత రాద్ధాంతం ఎందుకన్నాడు అక్కడి మనిషి. సవరణ వెయ్యడం కుదరదన్నాడు. రేపు రమ్మన్నాడు. రేపు వెళ్ళాను. ఎల్లుండి కూడా వెళ్ళి, బల్ల మీద గుద్ది, గది మొత్తం వినపడేలా అరిచాను. జీవితంలో అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. అయిదో రోజున లోపలి పేజీలో, ఒక మూలన, బొటనవేలంత ఫొటో వచ్చింది. కింద "సవరణ" అని ఉంది. ఎడమ కనుబొమ చివర గాటు కనపడుతోంది.

ఆ ముక్క కత్తిరించి అక్కయ్యగారికిచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఈయనే" అంది.